మంచునది మొగ దగ్గర ఆరు రోజులు

2019 జూన్ 21

ఇరవై ఎనిమిదేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పాను. ఏటా ఒకసారి నల్లబల్ల మీద ఫియార్డు బొమ్మ గీసేవాణ్ణి. రెండు పక్కలా నిటారు కొండలు, మధ్యలో ఇరుకు నీళ్ళు, చివర హిమానీనదం. పిల్లలు దాన్ని చూసి నోట్సులో వేసుకునేవాళ్ళు. కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో పుట్టిన పిల్లలు వాళ్ళు. నేనూ అక్కడివాణ్ణే. మాకు తెలిసిన మొగ బురదతో, మడచెట్లతో చదునుగా ఉంటుంది. నది ఒండ్రు తెచ్చి పోస్తుంటే నేల సముద్రంలోకి పెరుగుతుంది. అందుకు తలకిందులుగా, సముద్రమే కొండల మధ్యకు పాతిక కిలోమీటర్లు చొచ్చుకొచ్చే చోటు ఎలా ఉంటుందో బొమ్మ గీసిన నాకే తెలియదు.

మా అమ్మాయి ఓస్లోలో ఉద్యోగం చేస్తోంది. నేను రిటైరవగానే టికెట్లు పంపింది. "నాన్నా, నువ్వు బోర్డు మీద గీసేవాడివే, ఆ బొమ్మలోకి తీసుకెళ్తాను. బయల్దేరు" అంది.

ఈ మధ్యాహ్నం, ఉత్తర ధ్రువానికి దగ్గర్లో నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగ్‌యేర్‌బ్యెన్‌లో విమానం దిగి, సాయంత్రానికి ఓడ ఎక్కాం. చిన్న ఓడ. ప్రయాణికులం నలభై మందికి మించి లేము. మేం వెళ్తున్నది స్పిట్స్‌బెర్గెన్ దీవి పడమటి తీరాన ఉన్న కాంగ్స్‌ఫియార్డెన్‌కి. రాజుగారి ఫియార్డు అని ఆ పేరుకి అర్థం. ఇది రాసేసరికి రాత్రి పన్నెండు దాటింది. కేబిన్ కిటికీలోంచి ఎండ నోటుబుక్కు మీద పడుతోంది. ఇక్కడ ఏప్రిల్ మూడో వారంలో పైకొచ్చిన సూర్యుడు ఆగస్టు ఆఖరు వారం దాకా అస్తమించడు.

జూన్ 22

పొద్దున్నే ప్రిన్స్ కార్ల్స్ ఫోర్లాండ్ అనే పొడవాటి దీవి పక్కన ఆగాం. పూలెపింటెన్ అనే ఇసుక కొస మీద వాల్రస్‌లు ఒకదాని మీద ఒకటి వాలి పడుకుని ఉన్నాయి. అన్నీ మగవే. దంతాల కోసం, కొవ్వు కోసం వీటిని మూడు శతాబ్దాల పాటు చంపి, దాదాపు ఒక్కటీ మిగలకుండా చేశారు. 1952లో వేట నిషేధించాక మెల్లగా తిరిగొచ్చాయి. ఒడ్డు మీద మనుషులు నిలబడి చూస్తున్నా ఒకటి కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకుంది. మమ్మల్ని ఆ జంతువు నమ్మడం నాకు చాలా పెద్ద విషయంగా తోచింది. 2004లో ఇదే కొస దగ్గర ధ్రువపు ఎలుగుబంటి దవడ ఎముక ఒకటి దొరికింది. దాని వయసు లక్ష ఏళ్ళకు పైమాటే.

సాయంత్రం ఉత్తరానికి తిరిగాం. ఫియార్డు ముఖద్వారం ఇంకా దూరంగా ఉండగానే ఓడలో వైఫై ఆపేశారు. ఫోన్లన్నీ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టమని ప్రకటించారు. లోపలున్న నీ-ఓలెసుండ్ అనే ఊరి చుట్టూ 20 కిలోమీటర్ల మేర రేడియో మౌనం పాటించాలి. అక్కడి పెద్ద యాంటెన్నాలు కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చే సంకేతాలు విని, భూమి ఎలా తిరుగుతోందో, ఖండాలు ఎంత జరుగుతున్నాయో లెక్కకడతాయి. ఒక ఫోను బ్లూటూత్ ఆన్‌లో ఉన్నా వాటి చెవిలో గోల పెట్టినట్టే.

రాత్రి పదికి లోపలికొచ్చాం. కాంగ్స్‌ఫియార్డెన్, ఉత్తరాన దాని పక్కనే ఉన్న క్రాస్‌ఫియార్డెన్, రెండూ ఒకే ద్వారం నుంచి విడిపోతాయి. చాలా ఫియార్డుల ద్వారం దగ్గర నీటి అడుగున గట్టు లాంటిది ఉంటుంది. ఒకప్పుడు హిమానీనదం తోసి వదిలేసిన రాళ్ళూ మట్టీ అవి. ఆ గట్టు బయటి సముద్రపు లోతు నీళ్ళను లోపలికి రానివ్వదు. ఇక్కడ అలాంటి అడ్డు లేదు. దక్షిణం నుంచి తీరం వెంబడి పైకి వచ్చే గోరువెచ్చని అట్లాంటిక్ ప్రవాహం తలుపు తీసి ఉన్న ఇంట్లోకి వచ్చినట్టు వచ్చేస్తుంది. గోరువెచ్చన అంటే మన లెక్కలో కాదు, నాలుగైదు డిగ్రీలు. ధ్రువానికి 1,230 కిలోమీటర్ల దూరంలో అది వేడి నీళ్ళ కిందే లెక్క. ఈ వారమంతా నేను చూడబోయేవన్నీ, పక్షులు, సీళ్ళు, విరిగిపడే మంచు, చివరికి ఈ నీళ్ళ దగ్గరికే వచ్చి ఆగుతాయి.

లోపలికి పోయేకొద్దీ తూర్పున మూడు మొనదేలిన శిఖరాలు లేచాయి. ట్రె క్రోనెర్, అంటే మూడు కిరీటాలు. స్వీడన్, నార్వే, డెన్మార్క్‌ల పేర్ల మీద స్వెయా, నోరా, దానా అని పిలుస్తారు. మూడూ మంచు మైదానంలోంచి పొడుచుకొచ్చినట్టున్నాయి. నా నల్లబల్ల బొమ్మలో ఇవి లేవు.

జూన్ 23

నీ-ఓలెసుండ్. ఏడాది పొడవునా మనుషులు ఉండే ఊళ్ళలో ఉత్తర ధ్రువానికి అతి దగ్గర వాటిల్లో ఇదొకటి. చలికాలంలో ముప్ఫై నలభై మంది, వేసవిలో వంద దాటుతారు. దాదాపు అందరూ పరిశోధకులూ, వాళ్ళకు వండిపెట్టే, యంత్రాలు చూసుకునే సిబ్బందీ.

రేవు నుంచి పది అడుగులు వేశామో లేదో నెత్తి మీద ఏదో రివ్వున దిగింది. అమ్మాయి అరిచింది: "నాన్నా, చెయ్యి పైకెత్తు! తలకంటే ఎత్తుగా పెట్టు!" ఆర్కిటిక్ టెర్న్. ఎర్రటి ముక్కు, నల్లటి టోపీ, కత్తెర తోక. రోడ్డు పక్క గులకరాళ్ళలోనే గుడ్లు పెట్టుకుంటుంది. ఎవరు దగ్గరికొచ్చినా, వాళ్ళ ఒంట్లో అన్నిటికన్నా ఎత్తున ఉన్నదాన్ని పొడుస్తుంది. అందుకే చెయ్యి. వంద గ్రాములు తూగే ఈ పిట్ట ఆగస్టులో ఇక్కడి నుంచి లేచి అంటార్కిటికా దాకా పోయి, మళ్ళీ వసంతానికి తిరిగొస్తుంది. ఏటా 70 వేల కిలోమీటర్ల ప్రయాణం. దాని గూటి పక్క నుంచి నేను చెయ్యెత్తుకునే నడిచాను. అది దండం పెట్టినట్టుగా ఉందని అమ్మాయి అంటే, నాకూ అలాగే అనిపించింది.

ఈ ఊరు బొగ్గు కోసం పుట్టింది. నార్వే తీరాన ఉన్న ఓలెసుండ్ నగరం వ్యాపారులు 1916లో కంపెనీ పెట్టి, తమ ఊరి పేరే దీనికి పెట్టారు. నీ అంటే కొత్త. 1962 నవంబర్ 5న గనిలో పేలుడు జరిగి 21 మంది చనిపోయారు. మరుసటి ఏడాది ఆ వ్యవహారం మీదే నార్వే పార్లమెంటులో ప్రభుత్వం పడిపోయింది. గనులు మళ్ళీ తెరవలేదు. బొగ్గు లాగిన చిన్న రైలింజను, నాలుగు పెట్టెలు ఇప్పుడు రేవు దగ్గర పట్టాల మీద ఊరికే నిలబడి ఉన్నాయి. వాటి వెనక మంచు కొండలు. ఫొటోలు అందరూ అక్కడే దిగుతున్నారు. నేను ఆ ఇరవై ఒక్క మంది ఇళ్ళు వీటిలో ఏవో అని చూస్తూ నిలబడ్డాను.

ఊరి చివర, నార్వే ధ్రువ సాహసికుడు అముండ్‌సెన్ తన ఎయిర్‌షిప్‌ని, అంటే గ్యాసు నింపిన గాలి ఓడను, కట్టేసిన ఇనుప స్తంభం ఉంది. 1926 మే 11న 'నోర్గె' ఇక్కడి నుంచే లేచి, మరునాడు ధ్రువం మీదుగా ఎగిరి అలాస్కాలో దిగింది. రెండేళ్ళకు ఇదే స్తంభం నుంచి వెళ్ళిన ఇటలీ ఇంజనీరు నోబిలె ఎయిర్‌షిప్ 'ఇటాలియా' కూలిపోయింది. నోబిలెతో మాటలు లేకపోయినా అతన్ని వెతకడానికి బయల్దేరిన అముండ్‌సెన్ తిరిగి రాలేదు. స్తంభం దాకా వెళ్ళాలంటే తుపాకీ ఉన్న గైడు తోడుండాలి. ఊరు దాటితే ఎలుగుబంటి ఎక్కడైనా ఎదురుకావచ్చు. ఊళ్ళో ఇళ్ళ తలుపులకు తాళం వెయ్యకపోవడం కూడా అందుకే. ఎవరైనా పరుగున వచ్చి ఏ ఇంట్లోనైనా దూరవచ్చు.

మన దేశపు పరిశోధన కేంద్రం హిమాద్రి ముందు చాలాసేపు ఉన్నాను. చెక్క ఇల్లు, తలుపు దగ్గర మన దేశం పేరు. 2008 జులై 1న దీన్ని ప్రారంభించారు. గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రం నడుపుతోంది. సందర్శకులు లోపలికి వెళ్ళకూడదు, బయటి నుంచే చూశాం. మన దేశానికి ఈ దీవులతో సంబంధం ఇంకా పాతది. 1920లో పారిస్‌లో జరిగిన స్వాల్‌బార్డ్ ఒప్పందంలో, ఇంకా బ్రిటిష్ పాలనలో ఉన్న భారతదేశమూ ఉంది. అయితే నన్ను ఎక్కువ కదిలించింది ఆ ఇల్లు కాదు, కళ్ళకు కనబడనిది. 2014 జులైలో మనవాళ్ళు ఈ ఫియార్డు నీళ్ళలో, 192 మీటర్ల లోతున, ఇండార్క్ అనే పరికరాల దండను లంగరేసి దించారు. దాని తయారీలో చెన్నై, గోవా సంస్థలతో పాటు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ శాస్త్రవేత్తలకూ భాగం ఉంది. మన కోస్తా జాలర్లకు చేపలు ఎక్కడ పడతాయో చెప్పే ఇన్‌కాయిసే! ఆ దండకు అమర్చిన పరికరాలు వేర్వేరు లోతుల్లో నీటి వేడి, ఉప్పు, ప్రవాహం వేగం ఏడాది పొడవునా, సూర్యుడు లేని నెలల్లో కూడా, నమోదు చేస్తాయి. బయటి వెచ్చని నీళ్ళు ఎప్పుడొచ్చాయి, ఎంత లోపలికి వచ్చాయి అన్నది దాన్నిబట్టే తెలుస్తుంది.

తిరిగి వస్తుంటే ఇళ్ళ మధ్య గడ్డిలో బార్నకిల్ బాతులు పిల్లలతో మేస్తున్నాయి. చలికాలం బ్రిటన్‌లో, వేసవి ఇక్కడ. 1948లో ఈ దీవులకు వచ్చేవి మొత్తం కలిపి మూడు వందలే మిగిలాయి. వేట ఆపాక ఇప్పుడు ముప్ఫై వేలు దాటాయి. గోధుమరంగు వేసవి బొచ్చులో ఉన్న ధ్రువపు నక్క ఒకటి ఇంటి కింది నుంచి తల బయటపెట్టి ఆ పిల్లలనే చూస్తోంది. దానికీ పిల్లలు ఉండే ఉంటాయి.

ఊరి వెనక మైదానంలో పొట్టి కాళ్ళ రెయిన్‌డీర్ రెండు కనిపించాయి. ఈ ద్వీపకల్పంలో వీటిని ఎప్పుడో వేటాడి తుడిచిపెట్టేశారు. 1978లో డజను వరకు తెచ్చి వదిలితే, పదిహేనేళ్ళలో మూడు వందలు దాటాయి. తర్వాత 1993-94 చలికాలంలో మంచు మీద వాన పడి, నాచు మీద అద్దంలా గడ్డకట్టింది. డెక్కలతో తవ్వినా మేత అందక ఎక్కువ భాగం చచ్చిపోయాయి. ఇక్కడ జంతువులను చంపేది చలి కాదట. చలి మధ్యలో వచ్చే వెచ్చదనమట. గైడు చెప్పిన ఈ మాట రాత్రి చాలాసేపు నన్ను పడుకోనివ్వలేదు.

జూన్ 24

ఈ రోజు కోసమే వచ్చానని ఇప్పుడు అనిపిస్తోంది.

పొద్దున ఎనిమిదింటికి రబ్బరు పడవల్లో ఫియార్డు చివరికి బయల్దేరాం. మూడు డిగ్రీల చలి, గాలి లేదు. దారి పొడవునా నీళ్ళ రంగు మారుతూ వచ్చింది. మొదట నల్లటి నీలం, తర్వాత పాలు కలిసిన ఆకుపచ్చ. చివరికి ఎర్రమట్టి రంగు. నేను గట్టిగా అనేశాను: "అమ్మా, ఇది వరద కృష్ణ!" అచ్చం అదే రంగు. ఇక్కడి కొండల్లో ఎర్ర ఇసుకరాయి పొరలున్నాయి. హిమానీనదం దాన్ని అరగదీసి పిండి చేస్తే, కరిగిన నీళ్ళు మోసుకొస్తాయి. మా నదీ ఇదే పని చేస్తుంది. కాకపోతే ఇక్కడ ఆ నది గడ్డకట్టి ఉంది.

చుట్టూ తేలుతున్న చిన్న మంచు ముక్కల నుంచి చిటపట చప్పుడు. పోపులో ఆవాలు వేగినట్టుగా, కానీ ఎక్కడ చూసినా అదే. వందల ఏళ్ళ కిందట మంచులో చిక్కుకున్న గాలి బుడగలు ఇప్పుడు పగులుతున్నాయి. నేను పుట్టక ముందరి గాలి, మా తాత పుట్టక ముందరి గాలి, నా ముఖం ముందు బయటికి వస్తోంది.

ఎదురుగా క్రోనెబ్రేన్ హిమానీనదం. దాని పక్కనే కాంగ్స్‌వేగెన్. పక్కపక్కనే సముద్రానికి దిగినా రెండింటి నడకా వేరు. కాంగ్స్‌వేగెన్ ఏడాదికి కొన్ని మీటర్లే కదులుతుంది. క్రోనెబ్రేన్ వేసవిలో రోజుకు రెండు మూడు మీటర్లు. స్వాల్‌బార్డ్‌లో అతి వేగంగా కదిలేవాటిలో ఇదొకటి. పది అంతస్తుల ఎత్తు మంచు గోడ, నిలువునా పగుళ్ళు, లోపల లోపల గాఢమైన నీలం. గట్టిగా ఒత్తుకుపోయిన మంచు ఎరుపు రంగును మింగేసి నీలాన్నే బయటికి పంపుతుంది. పడవ నడిపేవాడు గోడకు బాగా దూరంగానే ఇంజను ఆపేశాడు.

అప్పుడు చూశాను పక్షులను. గోడ అడుగున ఒక చోట ఎర్రటి నీళ్ళు మసులుతున్నట్టు గుండ్రంగా పొంగుతున్నాయి. దాని మీద వందల కొద్దీ కిట్టివేక్‌లు. తెల్లటి ఒళ్ళు, సిరాలో ముంచినట్టున్న రెక్కల కొసలు. నీళ్ళ మీద వాలడం, ఏదో ముక్కుతో అందుకోవడం, మళ్ళీ లేవడం. ఇంత మంచు గోడ కింద, కొండంత ముక్క ఎప్పుడు మీద పడుతుందో తెలియని చోట, ఎందుకు?

గైడు చెప్పాడు. మంచు పైన కరిగిన నీరు పగుళ్ళలోంచి దిగి, హిమానీనదం అడుగున నదిగా పారి, ఫియార్డు అడుగునే బయటపడుతుంది. అది మంచినీరు కనక ఉప్పునీటి కంటే తేలిక. బయటికి రాగానే పైకి ఎగదన్నుతుంది. ఎగదన్నుతూ చుట్టూ ఉన్న లోతు నీళ్ళను, ఆ నీళ్ళలో ఉన్న సన్న రొయ్యల్లాంటి ప్రాణులను కూడా లాక్కొస్తుంది. ఉప్పు లేని నీళ్ళ దెబ్బకు అవి స్తంభించి పైకి తేలతాయి. కిట్టివేక్‌లకు అది వడ్డించిన విస్తరి. దగ్గర్లోని ఓసియాన్ సార్స్ కొండ గోడల మీద వీటి గూళ్ళు. అక్కడి నుంచి పిల్లల కోసం ఈ వంటింటికి రోజూ వచ్చిపోతాయి.

నేను నలభై మందికి ఒకే పాఠం పాతికసార్లకు పైగా చెప్పినవాణ్ణి. హిమానీనదం కోస్తుంది, మోస్తుంది, వేస్తుంది అని మూడు పనులు చెప్పేవాణ్ణి. అది అన్నం కూడా పెడుతుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఆ మాట అనుకుంటుండగానే గోడ విరిగింది. ముందు చప్పుడు లేదు. ఎడమ పక్కన గోడ నిలువుగా జారింది, నీళ్ళు తెల్లగా లేచాయి, ఆ తర్వాత ఉరుము. పక్షులన్నీ ఒక్కసారి లేచి, అల తగ్గకముందే మళ్ళీ అదే చోట వాలాయి. మా పడవ అలల మీద పైకీ కిందికీ ఊగింది. అమ్మాయి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. తను చిన్నప్పుడు బంటుమిల్లి రోడ్డు మీద స్కూటర్ వెనక కూర్చుని పట్టుకున్నట్టే.

ఈ గోడ ఎంత విరుగుతుందన్నది గాలి వేడి కంటే ఎక్కువగా నీళ్ళ వేడి మీద ఆధారపడుతుంది. లోతున వచ్చే వెచ్చని నీళ్ళు మంచు పాదాన్ని తినేస్తే, పైభాగం ఆధారం లేక కూలుతుంది. అంటే పక్షులకు అన్నం పెట్టే చోటును, తలుపు తీసి ఉన్న ఆ ద్వారం గుండా వచ్చిన సముద్రమే తింటోంది. కొన్నాళ్ళకు హిమానీనదం వెనక్కి జరిగి నీళ్ళు వదిలి నేల మీదికి చేరితే, నీటి అడుగున ఆ నది ఉండదు. ఈ పొంగూ ఉండదు.

తిరుగుదారిలో తేలుతున్న మంచుపలక మీద గడ్డం సీల్ ఒకటి పడుకుని ఉంది. పొడుగాటి మీసాలు, ముఖం మాత్రం తుప్పు రంగు. అడుగున బురదలో గవ్వల కోసం ముఖం పెట్టి వెతుకుతుంది కనక ఇనుము పట్టి ఆ రంగు వస్తుంది. దాని ముఖాన కూడా ఆ ఎర్రమట్టి ఉండడం నాకు ఎంతో ముద్దుగా అనిపించింది. దీని బంధువు రింగ్డ్ సీల్ మాత్రం కష్టంలో ఉంది. అది ఫియార్డు మీద గడ్డకట్టిన మంచులో గుహ తొలుచుకుని అందులో ఈనుతుంది. 2006 చలికాలంలో వెచ్చని నీళ్ళు భారీగా లోపలికి వచ్చాక, ఇక్కడ ఫియార్డు మునుపటిలా గడ్డకట్టడం చాలా తగ్గింది. గుహ లేని పిల్ల ఆరుబయట పుడుతుంది. పైన గల్ పక్షులు, పక్కన నక్కలు.

జూన్ 25

ఫియార్డు మధ్యలో పెద్ద దీవి. పేరు బ్లోమ్‌స్ట్రాండ్‌హాల్వోయా. నార్వే భాషలో హాల్వోయా అంటే ద్వీపకల్పం. పేరు పెట్టిననాడు అది ద్వీపకల్పమే అనుకున్నారు, హిమానీనదం దాన్ని ప్రధాన భూమికి కలిపి ఉంచింది. 1990ల్లో ఆ మంచు వెనక్కి పోయాక, కింద నేల లేదని, సముద్రమే ఉందని తేలింది. పేరు మాత్రం మార్చలేదు.

మధ్యాహ్నం ఓడ ఆ దీవి వెనక్కి వెళ్ళింది. కెప్టెన్ మమ్మల్ని పైకి పిలిచి మ్యాపు తెర చూపించాడు. మా ఓడ గుర్తు తెర మీద తెల్లటి భాగంలో ఉంది. అంటే మంచు లోపల. కిటికీలోంచి చూస్తే చుట్టూ నీళ్ళు. ఇన్నేళ్ళూ పిల్లలకు "పటం చూసి గుర్తించండి" అని ప్రశ్న ఇచ్చాను. తెర ముందు మాట రాలేదు.

దీవి దక్షిణపు ఒడ్డున నీ-లండన్ అనే చోట తుప్పు పట్టిన బాయిలరు, రెండు గుడిసెలు ఉన్నాయి. ఎర్నెస్ట్ మాన్స్‌ఫీల్డ్ అనే ఆంగ్లేయుడు వందేళ్ళ కిందట ఇక్కడ పాలరాయి తవ్వించాడు. యుగాల తరబడి గడ్డకట్టీ కరిగీ పగుళ్ళు పట్టిన రాయి అది. దక్షిణానికి చేరేసరికి పొడిపొడి అయిపోయేది. గుడిసెల పక్కన నేల మీద దిండులా ఉబ్బిన చిన్న పూల మొక్క, గులాబీ రంగు పూలు దక్షిణం వైపే విచ్చుకుని ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. పక్కన నా వేలంత ఎత్తు లేని చెట్టు. ధ్రువపు విల్లో అట. చెట్టే.

సాయంత్రం లొవేన్ దీవుల పక్క నుంచి దూరంగా వెళ్ళాం. అవి పక్షుల రక్షిత దీవులు, ఈ కాలంలో దగ్గరికి పోకూడదు. దూరదర్శినిలో మొదట గోధుమరంగు ఐడర్ బాతులు గూళ్ళ మీద కదలకుండా కూర్చుని కనిపించాయి. తమ రొమ్ము ఈకలే పీకి గూటికి పరుస్తాయి. తర్వాత వాటి మధ్య పసుపుపచ్చని తెలుపు ఏదో కదిలింది.

ఎలుగుబంటి. ఓడలో ఎవరూ మాట్లాడలేదు. అది తల దించుకుని, ఒక గూటి నుంచి ఇంకో గూటికి తీరిగ్గా నడుస్తోంది. చివరి క్షణం దాకా కూర్చున్న బాతు లేచిపోతుంది, అది గుడ్లు తింటుంది, మళ్ళీ నడుస్తుంది. మంచు బాగా ఉన్న ఏళ్ళలో ఈ సమయానికి అది సీళ్ళ వేటలో ఉండేది. మంచు ముందే కరగడంతో ముందే ఒడ్డెక్కుతోంది, సరిగ్గా బాతులు పొదిగే వేళకు. అరగంటలో ఎన్ని గూళ్ళు ఖాళీ అయ్యాయో లెక్కపెట్టడం మొదలుపెట్టి ఆపేశాను. బాతుల మీద జాలి కలిగింది. ఆకలితో ఈదుకుంటూ వచ్చిన ఆ జంతువు మీద కోపం రాలేదు.

జూన్ 26

పొగమంచు. కొండలు లేవు, కిరీటాలు లేవు. ఫుల్మార్ పక్షులు మాత్రం రెక్క ఆడించకుండా ఓడ పక్కనే తేలుతూ వస్తున్నాయి.

కెప్టెన్ గదిలో నీటి వేడి చూపించే చిన్న తెర ఉంది. అడిగితే ఎప్పుడైనా వచ్చి చూసుకోమన్నాడు. మొన్న హిమానీనదం ముందు చూసింది 1.8 డిగ్రీలు. ఇవాళ నీ-ఓలెసుండ్ ఎదురుగా 3.6. మన పరికరాల దండ ఇక్కడే ఎక్కడో కింద వేలాడుతూ తన లెక్క తాను రాసుకుంటూ ఉంటుందని అమ్మాయితో అన్నాను. తను నా నోటుబుక్కు తీసుకుని అంకెల పక్కన టైము వేసింది.

ద్వారం దాటుతుంటే ఓడ ఊగడం మొదలైంది, బయటి సముద్రం అల తగులుతోంది.

"ఇప్పుడు ఎంతమ్మా?"

"5.2, నాన్నా."

రాసుకున్నాను.